ఎండకి నల్లబడే అద్దాలు

చుక్కల మందు వేసి, "కళ్ళు మూసుకుని కూర్చో అక్కా, కంటిపాపలు విచ్చుకోవాలి" అని చెప్పి దామిరా లోపలి గదిలోకి పోయింది. విచ్చుకోవడమట, పువ్వుల్లాగా. బురుల్ కళ్ళు మూసుకోలేదు. ఒకరు చెప్పినట్టు చెయ్యడం ఈ రోజుకి ఇక చాలు అనుకుంది, పొద్దున్న లేచింది మొదలు అదే పని, కారెక్కమంటే ఎక్కింది, దిగమంటే దిగింది, గడ్డం ఈ గిన్నెలో పెట్టమంటే పెట్టింది, పై అక్షరం చదవమంటే చదివింది, కింది వరుస కనబడ్డం లేదంటే ఆ దామిరా తెల్లకోటు సర్దుకుని తప్పంతా బురుల్‌దే అయినట్టు మొహం పెట్టింది. తెల్లకోటు లేకపోతే బజార్లో బోర్సోక్‌లు వేయించి అమ్ముకునే పిల్లలా ఉంటుంది, కోటు తొడుక్కుంది కాబట్టి కళ్ళ డాక్టరమ్మ. కొట్టు నిండా కళ్ళద్దాలు, వాటి మధ్య మొహం చూసుకునే అద్దాలు, ఎటు తిరిగినా తన మొహమే, గాలికి పగిలిన బుగ్గలు, బిగించిన మూతి. కిటికీ అవతల నరీన్ ఊరి వీధంతా మంచు, మంచు మీద ఎండ. గాజులోంచి వచ్చే ఆ కాస్త వెలుగుకే కళ్ళు చిటచిటలాడుతున్నాయి. రేపు బావగారి సంవత్సరీకం. దానికి సామాన్లు కొనడానికి తోడికోడలు అనార్కుల్, ఆవిడ కూతురు బెగిమాయ్ బజారుకి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టేలోగా బురుల్ ఒక్క మాట చెప్పాలి. మామూలు తెల్ల అద్దాలా, ఎండకి నల్లబడే అద్దాలా, ఏవంటే అవి సాయంత్రానికల్లా బిగించి ఇస్తారు. చెప్పాల్సింది ఒక్క మాటే, అదే తేలడం లేదు.

నల్లబడేవి. మనసులో అనుకోవచ్చు, పైకి అనకూడదు. కాపురానికి వచ్చిన రోజు నుంచి బురుల్ ఆ మాట పైకి అనలేదు, ఎందుకంటే బావగారి పేరు కరాబెక్, కరా అంటే నలుపు, ఇంట్లో పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు, పేరులో ముక్క కూడా రాకూడదు. కాబట్టి నల్ల గుర్రం మసి గుర్రం, నల్ల టీ మసి టీ, ఆకాశంలో మసి మబ్బు. ఇందాక దామిరాతో కూడా "ఆ మసి రంగుకి తిరిగేవి" అంటే ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "ఏ ఇంటి కోడలివి అక్కా? ఈ కాలంలో కూడానా!" అంది. ఈ కాలంలో కూడానే తల్లీ. మనిషి పోయి ఏడాదవుతోంది, నాలుక మీద మాత్రం దిట్టంగా కూర్చునే ఉన్నాడు. నవ్వడం అయ్యాక దామిరా ఒక అద్దం బిళ్ళని పట్టకారుతో పట్టుకుని గుమ్మం బయట ఎండలో పెట్టి తెచ్చింది, చూస్తుండగానే పొగ పట్టిన గాజులా అయింది, లోపల పెడితే మెల్లగా తేటపడింది. ఏదో గారడీ చూపించినట్టు మొహం వెలిగిపోతోంది ఆ పిల్లకి. బురుల్‌కి ఇందులో వింతేమీ కనబడలేదు, ఇంట్లో ఒక రంగు వీధిలో ఒక రంగు, అత్తగారి దగ్గర ఇన్నేళ్ళూ చూసింది అదేగా. నలుగురిలో మా చిన్న కోడలు బంగారం అనేది, నలుగురూ వెళ్ళిపోయాక ఆ బంగారం చేత పేడ ఎత్తించేది. ఆవిడా పోయింది. ఆవిడకి కూడా శోకాలు పెట్టింది బురుల్, శవానికని వాకిట్లో వేసిన గుడారంలో గోడ వైపు తిరిగి కూర్చుని, పెదవులు మాత్రం కదుపుతూ.

కళ్ళు ఇలా కారడం పుట్టుకతో వచ్చింది. అమ్మకీ ఇంతే, తేనె రంగు కళ్ళు, వెలుగు పడితే ధారలు, మంచు మీద ఎండ పడితే ఇక చెప్పక్కర్లేదు. అమ్మ గుర్రపు వెంట్రుకలతో అల్లిన జల్లెడ లాంటి గుడ్డ కళ్ళకి కట్టుకుని గొర్రెల వెనక తిరిగేది. బురుల్ అదీ కట్టుకోలేదు, కోడలు మొహానికి అడ్డం పెట్టుకుని తిరిగితే పొగరంటారు. బెగిమాయ్‌కీ అవే కళ్ళు. ఎందుకుండవు? పుట్టింది బురుల్ కడుపునే. మొదటి కాన్పు. అది ఊరంతటికీ తెలుసు, బెగిమాయ్‌కీ తెలుసు, తెలిసినా అనార్కులే అమ్మ, బురుల్ పిన్ని, పోయిన కరాబెక్ నాన్న. మొదటి బిడ్డని పిల్లల్లేని అన్నకి ఇవ్వడం మన దగ్గర ఉన్నదే, కొత్తేమీ కాదు, ఊళ్ళో ఇంటికొకరున్నారు అలా పెరిగినవాళ్ళు. ఉన్నదే అని అందరూ అన్నారు. ఉన్నదే అయితే మాత్రం ఒక్కసారి ఆడదాన్ని అడిగితే ఏం పోయింది? అడిగాడు బావగారు, తమ్ముణ్ణి అడిగాడు. ఇద్దరూ దొడ్లో కంచె మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తూ మాట్లాడుకున్నారు, ఆ సిగరెట్టు అయిపోయేలోగా అయిపోయింది. పిల్లని తొట్లో వేసిన వేడుక మర్నాడే తొట్టితో సహా తీసుకుపోయాడు. బదులుగా లేత గోధుమ రంగు ఆడగుర్రాన్ని తోలుకొచ్చి గుంజకి కట్టాడు, మొగుడు దాని మెడ నిమిరి నిమిరి మురిసిపోయాడు, ఎంత మంచి నడక, ఎంత మంచి నడక అంటూ. మంచి నడకే. ఏడాదికో పిల్లని ఈనింది. గుర్రం పిల్లలు మాత్రం తల్లి దగ్గరే ఉండేవి, వాటినెవరూ అన్నకివ్వలేదు.

ఆ రోజు బురుల్ ఏడవలేదు. ఏడిస్తే ఆ నీళ్ళు బిడ్డ బతుకు మీద పడతాయి, నవ్వుతూ ఇవ్వాలి అంది అత్తగారు. నవ్వు రాలేదు గానీ ఏడుపు ఆపుకుంది, తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని పొయ్యి దగ్గర నిలబడింది, గుడ్డకి మాడువాసన, ఇప్పటికీ తలుచుకుంటే పళ్ళ కింద ఆ నూలు పోగు తగులుతుంది. పాలు మాత్రం ఆగలేదు. రవిక తడిసి కారితే పశువుల కొట్టంలోకి పోయి గడ్డి మీద పిండుకుంది. పొదుగు నిండిన ఆవు అరిస్తే అయ్యో పాపం అని పరుగెత్తే ఇంట్లో ఆ సాయంత్రం కొట్టం వైపు ఎవరూ రాలేదు. తర్వాత అనార్కుల్ పిల్లకి కథ చెప్పింది, ఎన్నిసార్లు చెప్పిందో, విందుల్లో చెప్పింది, పెళ్ళిళ్ళలో చెప్పింది, మా బురుల్ ఎంత పెద్ద మనసుదో, రొట్టె అందించినట్టు అందించింది బిడ్డని, కంట్లో తడి లేదు. కరాబెక్ తాగే గిన్నె ఎత్తి, మా మరదలి మనసు గొప్పది అనేవాడు. అందరూ తాగేవారు. బురుల్ టీ పోసేది. ఏటా పోసేది. వేడి టీ, ఆయన మీద పోసెయ్యాలని చెయ్యి ఎన్నిసార్లు అనుకుందో, చెయ్యి కూడా కోడలి చెయ్యే, చెప్పినట్టు వినేది.

ఇంకా నయం, పోయినేడు పోయాడు. నయం అని పైకి అనకూడదు కానీ అనుకుంది. చలికాలం నడిమధ్య, నేల గునపానికి కూడా లొంగని రోజుల్లో. గుడారంలో శవం, ఆడవాళ్ళు లోపల శోకాలు, మగవాళ్ళు బయట కర్రల మీద ఆనుకుని అరుపులు. లోపల ఉన్నంతసేపూ బురుల్ కళ్ళు ఎడారి. అది తనకి గర్వంగా కూడా ఉంది. తలుపు గుడ్డ ఎత్తి శవాన్ని బయటికి తెచ్చారు, ఆడవాళ్ళందరూ వెనకే వచ్చి వాకిట్లో నిలబడ్డారు, రాత్రి పడ్డ మంచు మీద పట్టపగటి ఎండ. అంతే. పొడిచినట్టయింది. కళ్ళు ధారలు కట్టాయి, తుడిచినకొద్దీ కారాయి, ముక్కు కారింది, బుగ్గల మీద నీళ్ళు గడ్డకట్టాయి. చూసినవాళ్ళు చూశారు. చూశావా, బావ కోసం ఎంత ఏడుస్తోందో. సొంత అన్న పోయినా ఇంత ఏడవరు. అత్త చచ్చిన ఆరు నెలలకి ఏడ్చే కోడళ్ళున్న కాలంలో ఇదీ కోడలంటే! బురుల్ నోరు తెరిచి ఎండ అనబోయింది, శవం ముందు ఎండ అంటే ఏం బాగుంటుంది, నోరు మూసుకుంది, ఆ మూసుకున్న నోరే తప్పయింది. ఏడాది పొడుగునా ఆ పొగడ్త ఇంటి చుట్టూ ఈగలా తిరిగింది. దాన్ని కూడా భరించేది. కానీ ఏడోనాడు వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక, బెగిమాయ్ వచ్చి పక్కన కూర్చుంది, బిష్కెక్‌లో బ్యాంకు పని చేసే పిల్ల, పెద్దదైపోయిన పిల్ల, బురుల్ భుజం మీద తల పెట్టి, "పిన్నీ, నన్ను ఇచ్చేటప్పుడు నువ్వు ఏడవలేదని అమ్మ చెప్పింది. నాన్న కోసం మాత్రం ఎంత ఏడ్చావు!" అంది. నిష్ఠూరంగా కాదు. మెచ్చుకోలుగా. అదే, మెచ్చుకోలుగా. బురుల్‌కి ఆ భుజం ఇప్పటికీ మండుతోంది.

ఈ కళ్ళద్దాలు ఆ ఏడుపుకి బహుమానం. పొద్దున్న కార్లో బెగిమాయ్ చెప్పింది, పిన్నీ నీ కళ్ళు పోయినేడు ఎంత వాచిపోయాయో, రేపు మళ్ళీ అలా కాకూడదు, నావి లాంటివే చేయిస్తా, బయటికెళితే వాటంతటవే నల్లబడతాయి, లోపలికొస్తే తేటపడతాయి, కార్లో మాత్రం నల్లబడవు, ముందు గాజు అడ్డం కదా. ఆ పిల్లకి అవి కొనిపెట్టింది కూడా బావగారే, బడికెళ్ళే రోజుల్లో, మా అమ్మాయికి మంచు పడదు అని అందరికీ చెప్పుకుంటూ. మంచు పడని కళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాడా? వెనక సీట్లోంచి అనార్కుల్ అంది, "సంవత్సరీకంలో నల్ల కళ్ళజోడు పెట్టుకుని తిరుగుతుందా? ఇదేమన్నా పెళ్ళి డాన్సా? ఏడిస్తే ఏడ్చినట్టు కనబడాలి గాని." కనబడాలి! ఆవిడకి కావలసింది అదే, రేపు మళ్ళీ వాకిట్లో బురుల్ ధారలు కట్టాలి, చుట్టాలు చూడాలి, పోయినవాడి గొప్ప ఇంకో మూర పెరగాలి. కాబట్టి ఆవిడ వద్దన్నవే చేయించుకోవాలి, అంతవరకు తేలిక. నల్లబడేవి పెట్టుకుంటే బయట కళ్ళు కారవు. లోపలికి వస్తే అద్దాలు తేటపడతాయి. గుడారంలో బెగిమాయ్ ఎదుట కూర్చుని శోకాలు పెడుతుంటే ఆ పిల్ల చూస్తుంది, పిన్ని కళ్ళల్లో ఒక్క చుక్క లేదు, పొడి కళ్ళు, పగిలిన నేల. చూడాలి. అప్పుడైనా ఆ పిల్లకి అర్థమవుతుంది, ఏడవలేదు, ఆయన కోసం ఏడవలేదు. ఇది తలుచుకుంటే బురుల్‌కి పొద్దున్న నుంచి మొదటిసారి కొంచెం హాయిగా అనిపించింది, పుండు గోక్కుంటే ఉండే హాయి.

"ఏమ్మా," అని కేకేసింది. "లోపలికొచ్చాక ఎంతసేపటికి తేటపడతాయి?"

దామిరా వచ్చింది. "కాస్త టైము పడుతుంది అక్కా. చలిలో మరీ ముదిరిపోతాయి, మంచులోంచి వస్తే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కంగారేముంది, టీ తాగేలోగా తేటపడతాయిలే."

"టీ తాగడానికి కాదు వెళ్ళేది."

"మరి?"

"ఏడవడానికి."

ఆ పిల్ల మళ్ళీ లోపలికి పోయింది. పో. బురుల్ వేళ్ళు తలగుడ్డ చెంగుని మెలిపెడుతున్నాయి. అదీ సంగతి. సంవత్సరీకంలో కుదురుగా లోపల కూర్చునేది ఎవరు, అనార్కుల్ కూర్చుంటుంది, చిన్న కోడలు బయట టీ నీళ్ళు మరిగే సమోవార్ దగ్గర, దేగిసాల దగ్గర, గిన్నెలు పట్టుకుని లోపలికీ బయటికీ, కొత్తగా ఏ చుట్టం గుమ్మంలోకి వచ్చినా పరుగున లోపలికొచ్చి శోకంలో గొంతు కలపాలి. మంచులోంచి వస్తుంది, కళ్ళ మీద మసి అద్దాలు, ఆ క్షణంలోనే అందరూ చూస్తారు, బెగిమాయ్ చూస్తుంది. నల్ల కళ్ళజోడు వెనక ఏముంటుందంటారు చావింట్లో? పాపం, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి, దాచుకుంటోంది అంటారు. అవి తేటపడేలోగా మళ్ళీ ఎవరో టీ అని కేకేస్తారు, మళ్ళీ మంచులోకి. తెల్ల అద్దాలు పెట్టుకుంటే కారతాయి, కారినవన్నీ ఆయన ఖాతాలోకి. నల్లబడేవి పెట్టుకుంటే కనబడవు, కనబడనివీ ఆయన ఖాతాలోకే. ముందు నుయ్యి వెనక గొయ్యి. బతికుండగా పిల్లని పట్టుకుపోయాడు, చచ్చాక కన్నీళ్ళు పట్టుకుపోతున్నాడు, ఏం మనిషి, ఏం మనిషి, రాళ్ళ నేలలో పడుకుని కూడా చేతులు చాపుతూనే ఉన్నాడు. కళ్ళతో చెప్పే దారి లేదు. మరి నోరుంది. నోరుందా? ఇన్నేళ్ళూ మసి మబ్బు, మసి టీ అన్న నోరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అమ్మ చెప్పి పంపిన నోరు. పడితే పడనీ, ఎంతకాలం లోపల మోస్తాం అని అనుకునేసరికి బయట హారన్ మోగింది.

ఇంకోసారి మోగింది. అది అనార్కుల్ కొట్టించడం, ఆవిడకి ఓపిక ఎప్పుడుంది గనక. బురుల్ లేచి తలుపు వైపు నడిచింది. "అక్కా, ఇప్పుడే బయటికెళ్ళకు, పాపలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి! ఏవి వెయ్యాలో కూడా చెప్పలేదు!" అని దామిరా వెనకనించి అరుస్తోంది. తలుపు తోసింది. వెలుగు చాచి కొట్టింది. వీధీ లేదు, కొండా లేదు, అంతా ఒకటే తెల్లటి మంట, కళ్ళల్లో కారం కొట్టినట్టు. నీళ్ళు బుగ్గల మీదికి, గడ్డం కిందికి, తలగుడ్డ ముడిలోకి. గోడ కోసం చెయ్యి చాపితే ఎవరిదో చెయ్యి తగిలింది, కర్ర, ఉన్ని టోపీ, ముసలి గొంతు.

"నువ్వు కరాబెక్ వాళ్ళ చిన్న కోడలివి కదూ? రేపేగా సంవత్సరీకం. ఏడు తల్లీ, ఏడు. ఆయన పడుకున్న చోటు మెత్తగా ఉండాలి. ఏడాదైనా తమ్ముడి పెళ్ళాం వీధిలో నిలబడి ఇలా ఏడుస్తోందంటే ఎలాంటి మనిషై ఉండాలి!"

"మా బురుల్ అంతే తాతా," కారులోంచి అనార్కుల్ గొంతు, గర్వంగా. "పోయినేడు నాకంటే ఎక్కువ ఏడ్చింది."

కారు తలుపు చప్పుడు. బెగిమాయ్ వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసింది, మండే భుజం అదే. "ఊరుకో పిన్నీ. నాన్న చూస్తే బాధపడతాడు."

"ఇది మంచు," అంది బురుల్.

"ఏంటి?"

"మంచు మీద ఎండ. వెలుగు పడితే కారతాయి నా కళ్ళు, నీ కళ్ళలాగే. పోయినేడూ అంతే. కరాబెక్ కోసం నేను ఒక్క చుక్క కార్చలేదు."

పేరు వచ్చేసింది. నాలుక మీద ఇన్నేళ్ళు కూర్చున్నది ఉమ్మేసినట్టు వచ్చేసింది. ముసలాయన కర్ర మంచులో ఆగిపోయింది. అనార్కుల్ సగం కారులో సగం బయట నిలబడి, వినకూడనిది విన్నట్టు కాలర్ గుప్పిట్లో పట్టుకుంది. "పేరు పెట్టి... పెద్దాయన్ని పేరు పెట్టి... నీ నోరు పడిపోను!"

"పడిపోయే ఉందిగా అక్కా ఇన్నాళ్ళూ."

బెగిమాయ్ చెయ్యి భుజం మీంచి జారింది. బురుల్ కళ్ళు చికిలించి చూసింది. కారులోంచి ఇప్పుడే దిగిన ఆ పిల్ల అద్దాలు ఇంకా తేటగానే ఉన్నాయి, వెనక తేనె రంగు కళ్ళు లీలగా కనబడుతున్నాయి. చూస్తుండగానే అద్దాలకి పొగ పడుతోంది. "మరి నన్ను ఇచ్చేటప్పుడు..." అంటోంది ఆ పిల్ల.

"నేనివ్వలేదు. తీసుకెళ్ళారు. ఇస్తావా అని నన్నెవరూ అడగలేదు. ఏడిస్తే ఆ నీళ్ళు నీ బతుకు మీద పడతాయంది మీ నానమ్మ, తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. అందుకే ఏడవలేదు. రొట్టె అందించినట్టు అందించానట! రొట్టెనైనా అలా ఎవరికీ అందించను."

చెప్పడం అయిపోయేసరికి బెగిమాయ్ అద్దాలు పూర్తిగా నల్లబడ్డాయి. చలికి బాగా ముదిరాయి. వాటిలో బురుల్‌కి తన మొహమే రెండుగా కనబడింది, వెనక కూతురు ఏమనుకుంటోందో, కోపమో, అసహ్యమో, ఏమీ తెలియడం లేదు. నల్ల అద్దాలు పెట్టుకుంటే ఎదుటివాళ్ళకి ఇలా ఉంటుందన్నమాట. జీవితంలో ఏ బావగారి ముందూ ఏ అత్తగారి ముందూ ఇంత భయపడలేదు.

"ఇంతకీ ఏవి వెయ్యమంటావు అక్కా?" దామిరా గుమ్మంలో నిలబడి వణుకుతూ అడిగింది. "తెల్లవా, నల్లబడేవా?"

"తెల్లవే వెయ్యి," అంది బురుల్, ఆ రెండు నల్ల బిళ్ళల మీంచి చూపు తిప్పకుండా.

బెగిమాయ్ అద్దాలు తీసేసింది. ఎండ నేరుగా కళ్ళల్లో పడింది. తేనె రంగు కళ్ళు ముడుచుకున్నాయి, ఎర్రబడ్డాయి, ఆ వెంటనే నీళ్ళు, అచ్చం బురుల్‌కి కారినట్టే, ఆగకుండా. ఆ పిల్ల తుడుచుకోలేదు. తల తిప్పుకోలేదు. ముసలాయన నోరు తెరిచి మళ్ళీ ఏదో దీవెన మొదలుపెట్టబోయి, బురుల్ చూసిన చూపుకి మింగేశాడు.

"కారెక్కండి ఇద్దరూ," అనార్కుల్ గొంతు పీలగా వచ్చింది. "వీధి వీధంతా చూస్తోంది."

"చూడనీ," అంది బెగిమాయ్, అద్దాలు మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ.